అనుమానం అందరిది, అవమానం ఎవరిది?

మన పల్లెల్లో ఒకరి సంచి మరొకరు వెతికితే ఊరుకోరు. చుట్టపుచూపుగా వచ్చిన మనిషి వెళ్ళబోతుండగా, "ఆ సంచి ఒకసారి విప్పి చూపించు" అన్నామంటే ఆ చుట్టరికం ఆనాటితో సరి. సంచి వెతకడమంటే దొంగ అన్నట్లే. ఇక ఒంటిమీద చెయ్యివేసి తడిమి చూడడమంటే అంతకంటే పెద్ద మాట. అలాంటి మనమే విమానాశ్రయంలో మాత్రం నోరు మెదపకుండా వరుసలో నిలబడతాం. బెల్టు తీస్తాం, జేబులు ఖాళీ చేస్తాం, చేతులు రెండు పక్కలకు చాస్తాం. ముక్కూ మొహం తెలియని జవాను భుజాల నుంచి పాదాల దాకా తడిమి చూసి, "సరే, వెళ్ళండి" అంటాడు. అప్పుడుగాని ఆ గీత దాటి లోపలికి అడుగు పెట్టలేం.

ఇది అవమానం కాదా? కాకపోతే ఎందుకు కాదు? ఒకచోట అవమానమైన పని మరొకచోట మర్యాద ఎలా అవుతుంది?

విమానం ఎక్కేవాళ్ళ గొడవ మనకెందుకులే అనుకోవద్దు. ఈనాడు మన విచారణల్లో ఆ గీతతో సంబంధం లేని కుటుంబాలు తగ్గిపోతున్నాయి. కువైటులో ఇంటిపనికి వెళ్ళిన తల్లులున్నారు. దుబాయిలో మేస్త్రీ పనికి వెళ్ళిన తండ్రులున్నారు. పైచదువులకు అమెరికా వెళ్ళిన కొడుకులూ కూతుళ్ళూ ఉన్నారు. మనుమణ్ణి ఎత్తుకోవడానికి జీవితంలో మొదటిసారి విమానమెక్కే అమ్మమ్మలున్నారు. పైగా ఈ ప్రశ్న విమానాశ్రయంతో ఆగేది కాదు. కొంచెం నిదానంగా ఆలోచిస్తే అది మన ఇంటి గుమ్మందాకా వస్తుంది.

ఆ గీత ఎలా వచ్చింది?

ఒకప్పుడు ఈ గీత లేదు. బస్సు ఎక్కినట్లే విమానం ఎక్కేవారు. సాగనంపడానికి వచ్చినవాళ్ళు విమానం కనబడే చోటిదాకా వెళ్ళి చెయ్యి ఊపేవారు. 1960ల చివరి నుంచి పరిస్థితి మారింది. విమానాలను బలవంతంగా దారి మళ్ళించే దుండగాలు పెరిగాయి. 1968కీ 1972కీ మధ్య ఒక్క అమెరికాలోనే అలాంటి ప్రయత్నాలు వందకు పైగా జరిగాయి. చివరకు 1973 జనవరి 5 నుంచి ఆ దేశంలో ప్రతి ప్రయాణికుణ్ణీ, ప్రతి చేతిసంచినీ తనిఖీ చేయడం తప్పనిసరి చేశారు.

మనదేశానికీ ఆ బాధ తప్పలేదు. 1971 జనవరి 30న శ్రీనగర్ నుంచి జమ్ముకు బయలుదేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ 'గంగ' విమానాన్ని లాహోరుకు మళ్ళించారు. ప్రయాణికులను విడిచిపెట్టినా విమానాన్ని తగలబెట్టారు. 1985 జూన్ 23న ఎయిరిండియా 'కనిష్క' విమానం అట్లాంటిక్ సముద్రంపైన పేలిపోయింది. అందులోని 329 మందిలో ఒక్కరూ బతకలేదు. బాంబున్న పెట్టె విమానంలోకి చేరింది గాని, ఆ పెట్టె ఇచ్చిన మనిషి ఏ విమానమూ ఎక్కలేదు. 1987 ఏప్రిల్ 1న పౌర విమానయాన భద్రతా బ్యూరో ప్రత్యేక శాఖగా ఏర్పడింది. 1999 డిసెంబరు 24న ఖాట్మండు నుంచి ఢిల్లీ రావలసిన విమానాన్ని కాందహార్‌కు తీసుకుపోయారు. ఆ సంవత్సరపు క్రిస్మస్ పండుగ రోజులన్నీ దేశం టీవీల ముందు బిక్కుబిక్కుమంటూ గడిపిన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత 2000 ఫిబ్రవరిలో జైపూరుతో మొదలుపెట్టి విమానాశ్రయాల కాపలాను కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి, అంటే సి.ఐ.ఎస్.ఎఫ్.కు అప్పగిస్తూ వచ్చారు.

చిన్న చిన్న నియమాల వెనుకా ఇలాంటి కథలే ఉన్నాయి. 2001 డిసెంబరులో ఒకడు బూట్లలో పేలుడు పదార్థం పెట్టుకుని పారిస్‌లో మయామీ విమానమెక్కాడు. తోటి ప్రయాణికులు పట్టుకోబట్టి సరిపోయింది. ఆ దెబ్బతో అమెరికాలో బూట్లు విప్పించడం మొదలైంది. 2006 నుంచి అందరికీ తప్పనిసరిగా అమలైన ఆ నియమాన్ని 2025 జూలైలోగాని ఎత్తివేయలేదు. 2006 ఆగస్టులో సీసాల్లో ద్రవరూప పేలుడు పదార్థాలు తీసుకెళ్ళి విమానాలు కూల్చాలనే కుట్ర లండనులో బయటపడింది. చేతిసంచిలో 100 మిల్లీలీటర్లకు మించిన సీసా పెట్టుకోకూడదనే నియమం అలా వచ్చింది. అమ్మాయికోసం ఎంతో ప్రేమతో కలిపిన ఆవకాయ సీసాను చేతిసంచిలోంచి తీసి పక్కన పెట్టేస్తే మన అమ్మమ్మకు కళ్ళనీళ్ళు తిరుగుతాయి. నిజమే. కాని ఈ నియమాలు ఎవరో పనీపాటా లేక రాసినవి కావు. వాటిలో చాలావాటి వెనుక ఏదో ఒక ఇంటి ఏడుపు ఉంది.

డాక్టరుగారు చేతులు కడుక్కున్నట్లు

తనిఖీ దాటాక ఉండే ఆ ప్రాంతాన్ని భద్రతాధికారులు 'స్టెరైల్ ఏరియా' అంటారు. ఈ మాట మనకు కొత్తది కాదు. ఆసుపత్రిలో విన్నదే. ఆపరేషన్ గదినీ, సూదినీ, కత్తినీ క్రిములు లేకుండా శుద్ధి చేయడాన్ని స్టెరిలైజ్ చేయడం అంటాం కదా. ఆ పోలిక బాగా ఉపయోగపడుతుంది.

ఆపరేషన్ గదిలోకి వెళ్ళేముందు ఎంత పెద్ద సర్జనుగారైనా మోచేతులదాకా సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుంటారు. అది ఆయన మురికి మనిషని కాదు. "నన్ను అనుమానిస్తారా? నలభై ఏళ్ళుగా ఆపరేషన్లు చేస్తున్నాను" అని ఆయన కోప్పడరు. బల్లమీద స్పృహలేకుండా పడుకున్న రోగి ప్రాణం ఆయన చేతుల శుభ్రతమీద ఆధారపడి ఉంది. ఆ రోగికోసం ఆయన కడుక్కుంటారు. నర్సు కడుక్కుంటుంది, సహాయకుడు కడుక్కుంటాడు. ఒక్కరు మానేసినా మిగతావాళ్ళందరూ కడుక్కున్నది వృథా.

విమానాశ్రయపు గీత దగ్గర మనం చేసేదీ అదే. జవాను నా జేబు చూస్తున్నాడంటే నేను దుర్మార్గుణ్ణని ఎవరో చెప్పినందుకు కాదు. నా పక్క సీటులో కూర్చోబోయే తెలియని మనిషి నన్ను చూసి భయపడకూడదని. అతని జేబు చూస్తున్నది నేను అతన్ని చూసి భయపడకూడదని. అందుకే గీత దాటిన తర్వాత ఆ హాలులో ఒక వింత కనిపిస్తుంది. ఏ ఊరివాళ్ళో, ఏ భాషవాళ్ళో, ఏ మతంవాళ్ళో, వందలమంది ఒకరి పక్కన ఒకరు నిశ్చింతగా కూర్చుంటారు. కునుకు తీస్తారు. "కాస్త ఈ సంచి చూస్తుండండి" అని పక్కవాళ్ళతో అనబోయి, అలా అనకూడదని మైకులో చెబుతుంటే నాలుక్కరుచుకుంటారు. అందరినీ అనుమానించారు కాబట్టే అందరూ ఒకరినొకరు నమ్మగలుగుతున్నారు.

అలా చూస్తే ఆ వరుసలో నిలబడడం ఒక చిన్న త్యాగం. నా సమయంలోంచి పది నిమిషాలు, నా గౌరవంలోంచి కాసింత, పేరు కూడా తెలియని పొరుగువాని క్షేమంకోసం ఇస్తున్నాను. అతడూ నాకోసం అంతే ఇస్తున్నాడు. ఉమ్మడి మేలు అని మన పెద్దలు, గురువులు చెప్పే మాట పుస్తకాల్లో ఎంత బరువుగా ఉన్నా, ఆచరణలో అది ఇలాగే ఉంటుంది. బెల్టు విప్పి ప్లాస్టిక్ తొట్టెలో పెట్టడమంత మామూలుగా ఉంటుంది.

అయితే ఈ త్యాగానికి ఒక షరతు ఉంది. అందరూ ఇవ్వాలి. కొందరే ఇచ్చి కొందరు ఇవ్వకపోతే అది త్యాగం కాదు, బలహీనుడిమీద మోపిన బరువు అవుతుంది.

మినహాయింపు గౌరవమా?

మన దేశంలో విమానమెక్కే ముందు ఒంటి తనిఖీ అక్కరలేనివారి జాబితా ఒకటుంది. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, ప్రధానమంత్రి, మాజీ రాష్ట్రపతులు, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి, లోక్‌సభ స్పీకరు, గవర్నర్లు, ముఖ్యమంత్రులు, ఇలా పెద్ద పదవులవారి పేర్లు అందులో ఉంటాయి. న్యాయంగా మాట్లాడుకుంటే, ఇందులో కొంత అర్థం ఉంది. రాత్రింబవళ్ళు సాయుధ కాపలా మధ్య ఉండే రాష్ట్రపతి జేబు వెతకడంవల్ల ఎవరికీ అదనపు రక్షణ లేదు. చిక్కంతా ఎక్కడొచ్చిందంటే, రక్షణకోసం పెట్టిన మినహాయింపును మనం హోదాకు గుర్తుగా చూడడం మొదలుపెట్టాం. తనిఖీ లేకుండా లోపలికి వెళ్ళడమే గొప్పతనం అనుకోవడం మొదలుపెట్టాం. కార్లమీది ఎర్రబుగ్గ కూడా ఇలాగే పనికోసం పుట్టి పరువుకోసం పెరిగింది. చివరకు 2017 మే 1 నుంచి దాన్ని తీసేయవలసి వచ్చింది.

ఈ సందర్భంలో మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాంగారిని తలచుకోవాలి. 2009 ఏప్రిల్‌లో ఢిల్లీ విమానాశ్రయంలో అమెరికా వెళ్ళే విమానమెక్కబోతుంటే, ఆ విమాన సంస్థ సిబ్బంది ఆయనను సామాన్య ప్రయాణికుడిలాగే తనిఖీ చేశారు. మన నియమాల ప్రకారం ఆయనకు మినహాయింపు ఉంది. కాబట్టి సిబ్బంది చేసినది నియమానికి విరుద్ధమే. జూలైలో ఆ సంగతి బయటపడి పార్లమెంటులో దుమారం రేగింది. మా నియమంలో ఎవరికీ మినహాయింపు లేదని మొదట అన్న ఆ సంస్థ తర్వాత క్షమాపణ చెప్పింది. 2011 సెప్టెంబరులో న్యూయార్కులో మళ్ళీ అలాగే జరిగింది. ఆయన విమానంలో కూర్చున్న తర్వాత అధికారులు వచ్చి కోటూ బూట్లూ తనిఖీకి తీసుకువెళ్ళారు. దానిపై అమెరికా ప్రభుత్వం విచారం తెలిపింది.

దేశమంతా ఆయన తరఫున కోపగించింది. కోపగించనిది ఆయనొక్కరే. 2009లో జరిగినదాన్ని ఆయన ఎవరికీ ఫిర్యాదు చేయలేదు, మూడు నెలలపాటు లోకానికి తెలియనే లేదు. అన్ని మెట్లూ ఎక్కిన మనిషికి వరుసలో నిలబడడం చిన్నతనం అనిపించలేదు. వరుసలో నిలబడితే తరిగిపోయే గౌరవం అసలు గౌరవమేనా అని ఆ మౌనం మనల్ని అడుగుతున్నది. విచారణ పెద్దగానో, సంఘ నాయకుడిగానో, ఆఖరుకు గురువులుగానో ఉన్నవాళ్ళం అందరం ఎప్పుడో ఒకప్పుడు, "నేనెవరో తెలుసా?" అనాలనిపించే చోట నిలబడతాం. అప్పుడు ఆయన గుర్తుకు రావాలి.

దాచుకోవడం వేరు, దాచిపెట్టడం వేరు

ఇంతవరకు బాగానే ఉంది. కాని ఇక్కడొక మాట తరచూ వినబడుతుంది. "ఏ తప్పూ చేయనివాడికి తనిఖీ అంటే భయమెందుకు?" వినడానికి ఇది సబబుగానే ఉంటుంది. కాని ఇందులో ఒక పొరపాటు దాగి ఉంది. మనిషి దాచుకునేదంతా నేరం కాదు. మనం ఒంటికి బట్ట కట్టుకుంటున్నది ఏదో దొంగిలించి దాచామని కాదు. మనిషికి లజ్జ ఉంది. దేహానికి గౌరవం ఉంది. ఆ గౌరవాన్ని అతడు గీత ఇవతల విడిచిపెట్టి లోపలికి వెళ్ళనక్కరలేదు.

మన దేశంలో స్త్రీలను స్త్రీలే, తెర చాటున తనిఖీ చేసే పద్ధతి ఉంది. ఇది చిన్న విషయం కాదు. ఆ తెర గుడ్డ ముక్కే, కాని "నిన్ను తనిఖీ చేస్తాం గాని బజారున పెట్టం" అని అది చెబుతుంది. అన్ని చోట్లా ఇంత ఆలోచన జరగలేదు. కొన్నేళ్ళక్రితం అమెరికాలో ఒకరకం స్కానరు యంత్రాలు పెట్టారు. అవి బట్టలు దాటి మనిషి శరీరాకృతిని దాదాపు ఉన్నదున్నట్లు తెరమీద చూపేవి. జనం మొరపెట్టుకున్నారు. చివరకు శరీరం కనబడకుండా, బొమ్మ గీతలా మాత్రమే చూపించాలని చట్టం చేస్తే, ఆ మార్పు చేయలేకపోయిన యంత్రాలను 2013లో తీసివేశారు. గమనించండి, భద్రత తగ్గలేదు. లజ్జను కాపాడే దారి వెతికితే దొరికింది. అంతకుముందు వెతకలేదు, అంతే.

ఆ యంత్రాలపై చర్చ జోరుగా సాగుతున్న 2010 ఫిబ్రవరిలో జగద్గురువులు 16వ బెనెడిక్టుగారు ఇటలీ విమానాశ్రయాల ఉద్యోగులను కలుసుకున్నారు. ఏ యంత్రం పేరూ ఎత్తకుండానే, భద్రతకోసం చేసే పనుల్లోనూ మనిషికే మొదటి స్థానం ఇవ్వాలని వారికి గుర్తుచేశారు. తనిఖీ వద్దని ఆయన అనలేదు. ఎవరిని కాపాడడానికి తనిఖీ చేస్తున్నామో ఆ మనిషినే మరచిపోవద్దన్నారు.

ఒకే నియమం, ఒకే తీరు కాదు

'మయూరి' సినిమా మన పెద్దలు చాలామంది చూసే ఉంటారు. ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, జైపూరు కాలు పెట్టుకుని తిరిగి నాట్యం చేసిన సుధా చంద్రన్‌గారి జీవితమే ఆ కథ. ఆమె పాత్రను ఆమే నటించారు. ఆ సినిమా చూసి కళ్ళు తుడుచుకోని తెలుగు ఇల్లు లేదనవచ్చు. అదే సుధా చంద్రన్‌గారు 2021 అక్టోబరులో ఒక వీడియోలో చేతులు జోడించి ప్రధానమంత్రికి మొరపెట్టుకున్నారు. విమానాశ్రయానికి వెళ్ళిన ప్రతిసారీ కృత్రిమ కాలు తీసి చూపించమంటున్నారని, అది ఎంతో బాధ కలిగిస్తున్నదని ఆమె చెప్పారు. సి.ఐ.ఎస్.ఎఫ్. వెంటనే క్షమాపణ చెప్పింది. అసాధారణ పరిస్థితుల్లో తప్ప కృత్రిమ అవయవాలు తీయించకూడదన్నదే తమ నియమమని కూడా తెలిపింది. అంటే మంచి నియమం కాగితం మీద ఉంది. అది మనిషి దగ్గరకు వచ్చేసరికి మారిపోతోంది.

ఇక్కడ మనం జాగ్రత్తగా ఆలోచించాలి. "అందరూ బెల్టులు తీస్తున్నారు, ఆమె కాలు తీస్తే ఏం?" అనడం సమానత్వంలా కనిపించే అన్యాయం. బెల్టు తీసినవాడు నడిచి వెళ్తాడు. కాలు తీసినామె నడవలేదు. అందరికీ తనిఖీ ఉండాలి, నిజమే. కాని అందరి దగ్గరా ఒకే మోతాదు గౌరవం తీసుకోవాలంటే, ఒక్కొక్కరి దగ్గర ఒక్కో తీరుగా నడుచుకోవాలి. రోగులందరికీ వైద్యం చేయడం సమానత్వం, అందరికీ ఒకే మాత్ర ఇవ్వడం తెలివితక్కువతనం.

గీత దాటితే కష్టాలు తీరాయనీ కాదు. జీజా ఘోష్‌గారు వికలాంగుల హక్కులకోసం పనిచేసే మహిళ. పుట్టుకతో సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారు. 2012 ఫిబ్రవరిలో ఒక సదస్సుకని కలకత్తాలో గోవా విమానమెక్కి కూర్చున్నారు. అన్ని తనిఖీలూ అయ్యాయి. అయినా ఆమె స్థితి చూసి సిబ్బంది ఆమెను దించివేశారు. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2016 మే 12న ధర్మాసనం ఆమెకు 10 లక్షల రూపాయలు పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. వికలాంగులు జాలి అడగడం లేదనీ, మనిషిగా తమకు రావలసిన మర్యాద అడుగుతున్నారనీ ఆ తీర్పుతో దేశానికి తెలిసివచ్చింది.

రూపాన్ని బట్టీ, పేరును బట్టీ మనిషిని పక్కకు పిలవడం కూడా ఇలాంటిదే. నిజమైన సమాచారం ఉండి ఒకరిని ప్రత్యేకంగా పరీక్షిస్తే అది పోలీసు పని. గడ్డం ఉందని, తలపాగా ఉందని, ఒంటి రంగు వేరని, పాస్‌పోర్టులో ఫలానా మతం పేరుందని ఆపితే, అందరూ పంచుకోవలసిన అనుమానాన్ని ఒక్కడి నెత్తిన పెట్టినట్లు. పరాయి దేశంలో మన పిల్లలకు ఈ అనుభవం ఎదురైతే మనం బాధపడతాం. మన దేశంలో మరొకరి పిల్లలకు ఎదురైనప్పుడు, "జాగ్రత్త మంచిదేలే" అంటాం. ఈ రెండు తూకపురాళ్ళు మనసులో పెట్టుకుని న్యాయం గురించి మాట్లాడలేం.

గీత లోపలి మనుషులు

మనం ఆ గీతను ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి దాటుతాం. రోజూ దాటేవాళ్ళున్నారు. హాలు ఊడ్చే ఆడవాళ్ళు, ట్రాలీలు తోసే కుర్రాళ్ళు, సామాను మోసేవాళ్ళు, టీ అమ్మేవాళ్ళు. పాసు మెడలో వేసుకున్నా తనిఖీ తప్పదు. పైలట్లకూ తప్పదు. పైలటూ, ఊడ్చే మనిషీ ఒకే తీరుగా చేతులు చాచి నిలబడే చోటు మన సమాజంలో ఇంకెక్కడుందో చెప్పండి. ఆ గీత దగ్గర ఉన్న ఈ మంచిని కూడా చూడాలి. తనిఖీ చేసే జవాన్ల మాటేమిటి? గంటల తరబడి నిలబడి వేలమందిని తడిమి చూస్తారు. తొమ్మిది వందల తొంభైతొమ్మిది మంది మంచివాళ్ళని తెలిసినా వెయ్యోవాడికోసం కళ్ళు తెరుచుకునే ఉండాలి. వాళ్ళకు మొహం చూసి నమస్కారం చెప్పేవాళ్ళు ఎందరు?

తిరుసభ ఈ మనుషులను మరచిపోలేదు. 1920లో జగద్గురువులు 15వ బెనెడిక్టుగారు లొరేటో మాతను విమాన సిబ్బందికి పాలకురాలిగా ప్రకటించారు. 1951లో అమెరికాలోని బోస్టన్ విమానాశ్రయంలో అగ్రపీఠాధిపతులు రిచర్డ్ కుషింగ్‌గారు 'ఆకాశ మార్గాల మాత' పేరిట చిన్న గుడి కట్టించారు. అది ముఖ్యంగా ప్రయాణికులకోసం కాదు, ఆదివారమూ పగలూ రాత్రీ డ్యూటీలో ఉండి పూజకు వెళ్ళలేని అక్కడి పనివాళ్ళకోసం. ఈనాడు ప్రపంచంలో అనేక విమానాశ్రయాలలో ప్రార్థనా మందిరాలున్నాయి, గురువులు సేవ చేస్తున్నారు.

గీత లోపల చిక్కుకుపోయేవాళ్ళూ ఉంటారు. 1992 మార్చిలో సోమాలియా యుద్ధం నుంచి పారిపోయి, సిరియా మీదుగా పారిస్‌లోని ఓర్లీ విమానాశ్రయం చేరిన తోబుట్టువులు కొందరిని 20 రోజులపాటు లోపలికీ రానివ్వకుండా అక్కడే ఉంచి, తిరిగి సిరియాకు పంపించేశారు. "మేము నిర్బంధించలేదు, వాళ్ళు వేరే దేశం వెళ్ళాలనుకుంటే వెళ్ళవచ్చు కదా" అని ఫ్రాన్సు ప్రభుత్వం వాదించింది. యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం 1996 జూన్ 25న ఆ వాదాన్ని తోసిపుచ్చింది. విమానాశ్రయంలోని ఆ ప్రాంతం కూడా దేశంలోనిదే, అక్కడి మనిషికీ చట్టం వర్తిస్తుందని చెప్పింది. గీత గీసేది మనిషే. ఆ గీత పేరు చెప్పి అవతలివాణ్ణి మనిషి కాదనలేడు.

మన గుమ్మంలోని గీత

ఇప్పుడు మన ఇళ్ళకు వద్దాం. పట్నాల్లో పెద్ద పెద్ద అపార్టుమెంట్లు వచ్చాయి. వాటిలో మన కతోలిక కుటుంబాలూ ఉంటున్నాయి. కొన్నిచోట్ల సాయంత్రం పని ముగించుకుని ఇంటికి వెళ్ళే పనిమనిషి గేటు దగ్గర ఆగి తన సంచి విప్పి చూపించాలి. ఇంట్లోవాళ్ళు ఇచ్చిన పాతచీరకూ, మిగిలిన కూరకూ కూడా జవాబు చెప్పాలి. అదే గేటులోంచి యజమానులు కార్లలో వెళ్తుంటారు. కారు డిక్కీ తెరవమని ఎవరూ అడగరు. కొన్ని దుకాణాల్లో, ఫ్యాక్టరీల్లో కూలీలకు రోజూ తనిఖీ ఉంటుంది, ఆఫీసుగదుల్లోని వారికి ఉండదు.

విమానాశ్రయంలో కోటీశ్వరుణ్ణీ కూలివాణ్ణీ ఒకే వరుసలో నిలబెట్టి సంచి చూస్తారు. అందుకే అది అవమానం కాదు. ఇక్కడ ఒకే వరుస లేదు. అనుమానమంతా పేదరికం వైపే చూస్తున్నది. విమానాశ్రయంలో దించలేని బరువు పనిమనిషి భుజంమీద రోజూ దించుతున్నాం. మొదట్లో మనం అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతుంది. తనిఖీ ఎక్కడ జరిగిందన్నది కాదు ప్రశ్న. ఎవరెవరికి జరిగింది, ఎలా జరిగిందన్నదే ప్రశ్న. అందరూ పంచుకున్న అనుమానం త్యాగం. కొందరిమీదే మోపిన అనుమానం అవమానం.

కాబట్టి మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ప్రయాణమయ్యే పెద్దవాళ్ళకు ఇంటి దగ్గరే అన్నీ విడమరచి చెబుదాం. ఏది ఎక్కడ పెట్టాలో, ఏమి తీయమంటారో ముందే తెలిస్తే వాళ్ళకు అక్కడ సిగ్గుపడే పని ఉండదు. ఆవకాయ సీసా పెద్దపెట్టెలో సర్దుదాం. వరుసలో నిలబడినప్పుడు విసుక్కోకుండా నిలబడదాం, అదీ ఒక పరోపకారమే. మన పిల్లల్లో భద్రతాదళాల్లో పనిచేసేవారు ఎందరో ఉన్నారు. "బాబూ, గట్టిగా చూడు గాని మెత్తగా మాట్లాడు. కాలు లేని మనిషినీ, ముసలివాళ్ళనీ నీ ఇంటివాళ్ళనుకో" అని తల్లులు వాళ్ళకు చెప్పాలి. ఆ ఒక్క మాట ఎన్ని సర్క్యులర్లకైనా సరిసాటి.

ఇక మన అపార్టుమెంటు సమావేశంలో పనివాళ్ళ సంచుల మాట వచ్చినప్పుడు ఎవరో ఒకరు లేచి, "అలాగయితే మన కార్లు కూడా చూడమందాం" అనాలి. ఆ లేచే మనిషి మన విచారణ నుంచే కావాలి. ఆ మాటకు అక్కడున్నవాళ్ళు నవ్వవచ్చు, ముఖం చిట్లించవచ్చు. కాని ఆ రాత్రి పనిమనిషి ఇంటికి వెళ్తూ గేటు దగ్గర తల వంచుకోనక్కరలేకపోతే, ఆ నవ్వులను భరించడం మనకు పెద్ద బరువేమీ కాదు.